ముహూర్తాలు మొదలయ్యేలోపు మెమరీ కార్డుల సంగతి చూసుకోండి

మాఘమాసం పెళ్ళిళ్ళు వస్తున్నాయంటే లెన్సులు తుడుచుకుంటాం, బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టుకుంటాం, లైట్ స్టాండ్లు బిగించుకుంటాం. తపాలా బిళ్ళంత మెమరీ కార్డును మాత్రం పట్టించుకోం. కెమెరా మొరాయిస్తే తోటి ఫొటోగ్రాఫర్‌ది అడిగి తెచ్చుకోవచ్చు. జీలకర్ర బెల్లం పెట్టిన ఫొటోలు పోతే మాత్రం ఆ ఘడియ మళ్ళీ రాదు.

కొన్నేళ్ళ కిందట నాకే ఎదురైంది. తెల్లవారుజామున మూడింటి ముహూర్తం. తలంబ్రాలు అవుతుండగా కెమెరా తెర మీద కార్డు ఎర్రర్ వచ్చింది, ఫార్మాట్ చెయ్యమంటారా అని అడిగింది. కంగారులో నా వేలు ఓకే బటన్ మీదికి వెళ్ళింది. పక్కనే వీడియో తీస్తున్న పెద్దాయన చెయ్యి పట్టుకుని, "ఆగు తమ్ముడూ, కెమెరా ఆపెయ్. ఆ కార్డు తీసి జేబులో పెట్టుకో, ఇంకోటి వెయ్" అన్నారు. ఆ మాట విన్నాను కాబట్టే మర్నాడు ఆ కార్డులోంచి దాదాపు ఫొటోలన్నీ బయటికొచ్చాయి. ఓకే నొక్కి, అదే కార్డు మీద అప్పగింతలు తీసి ఉంటే ముహూర్తం మొత్తం పోయేది.

కార్డు కరెప్ట్ అయిందంటే చాలాసార్లు ఫొటోలు చెరిగిపోయాయని కాదు. ఏ ఫొటో ఎక్కడుందో చెప్పే పట్టిక పాడైందని. పుస్తకంలో విషయసూచిక చిరిగినా లోపలి పేజీలు ఉన్నట్టే. ఆ పేజీల మీద మనం కొత్తగా ఏదైనా రాస్తేనే అసలు నష్టం. అందుకే తప్పు జరిగాక మొదటి పది నిమిషాల్లో మనం చేసే పనే ముఖ్యం అని నమ్ముతాను.

ఇప్పుడు తీరిక ఉంది కాబట్టి కార్డులన్నీ టేబుల్ మీద పరిచి ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి చూడండి. మామూలు ఎస్డీ కార్డుకు బంగారు రంగు పట్టీలు తొమ్మిది ఉంటాయి, వేగం ఎక్కువున్న రకాలకు కింద ఇంకో వరస ఉంటుంది. పట్టీల మధ్య సన్నటి ప్లాస్టిక్ గట్లు విరిగి ఉంటే ఆ కార్డును పెళ్ళికి తీసుకెళ్ళకండి. విరిగిన ముక్క స్లాట్‌లో ఇరుక్కుంటే కెమెరాకే ప్రమాదం. పక్కన, కార్డు మీద కొత్తగా ఏమీ రాయకుండా లాక్ చేసే బుడిపె వదులైతే, కార్డు లోపలికి నెట్టేటప్పుడు అది జారి లాక్ అయిపోతుంది. అలాంటిదీ పక్కన పెట్టాల్సిందే.

కొత్త కార్డు కొన్నా పరీక్షించకుండా వాడకండి. మార్కెట్లో నకిలీలు చాలా ఉన్నాయి. పైన 256 జీబీ అని ఉంటుంది, లోపల అందులో కొంతే ఉంటుంది. నిజమైన జాగా నిండాక కూడా కార్డు ఫొటోలు తీసుకుంటున్నట్టే నటిస్తుంది, తెరిచి చూస్తే అవి ఉండవు. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు కార్డు మొత్తం నింపి, తిరిగి చదివి లెక్క చెబుతాయి. ఎంతసేపు పట్టినా ఈ పని చెయ్యండి. వేగం సంగతికొస్తే, కార్డు మీద వీ30 అని ఉంటే సెకనుకు కనీసం 30 ఎంబీ రాయగలదని. సెకనుకు 100 మెగాబిట్ల 4కే వీడియోకు 12.5 ఎంబీ చాలు, కాబట్టి అది సరిపోతుంది. 400 మెగాబిట్లలో తీసేవాళ్ళకు 50 ఎంబీ కావాలి, వాళ్ళు వీ60 తీసుకోవాలి.

రెండు స్లాట్లున్న కెమెరా అయితే ఈరోజే మెనూలోకి వెళ్ళి చూడండి. మొదటి కార్డు నిండాక రెండోదానికి వెళ్ళేలా చాలామంది వదిలేస్తారు. అప్పుడు రెండో కార్డు ఉన్నా కాపీ లేనట్టే. రెండింటిలోనూ ఒకేసారి పడేలా మార్చండి. ఒకటే స్లాట్ ఉంటే, 256 జీబీది ఒక్కటి కంటే 64 జీబీవి నాలుగు నయం. స్నాతకానికి ఒకటి, ముహూర్తానికి ఒకటి, అప్పగింతలకు ఒకటి అని విడదీస్తే ఒకటి పోయినా పెళ్ళంతా పోదు.

ఫార్మాట్ ఎప్పుడూ కెమెరాలోనే చెయ్యండి, అదీ ఫొటోలు రెండు చోట్ల కాపీ అయ్యాయని తెరిచి చూసుకున్నాకే. పెళ్ళిలో బ్యాటరీ పూర్తిగా అయిపోయేదాకా ఆగకండి. రాస్తుండగా కరెంటు తెగితే పట్టిక సగంలో ఆగిపోతుంది. తలంబ్రాల్లో వరసగా నొక్కేశాక, వేలు తీసినా కెమెరా ఇంకా రాస్తూనే ఉంటుంది. చిన్న లైటు ఆరేదాకా కార్డు తలుపు తెరవకండి. మంగళస్నానాల దగ్గర పసుపు నీళ్ళ చేతులతో కార్డు మార్చకండి, పొడిగుడ్డ ఒకటి జేబులో ఉంచుకోండి. జాగా కోసం మండపంలో నిలబడి ఒక్కో ఫొటో డిలీట్ చేయడం కూడా వద్దు. ఆ టెన్షన్‌లో మంచివే పోతాయి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఎర్రర్ రావచ్చు. అప్పుడు కార్డు తీసి లాక్ బుడిపె కిందికి లాగండి. ఇంటికొచ్చాక పట్టీలను పొడిగుడ్డతో తుడిచి వేరే కార్డ్ రీడర్‌లో పెట్టి చూడండి, కొన్నిసార్లు తప్పు రీడర్‌దే అవుతుంది. ఫార్మాట్ చెయ్యాలని గానీ, స్కాన్ చేసి సరిచెయ్యనా అని గానీ విండోస్ అడిగితే ఒప్పుకోకండి. ఆ సరిచేయడంలో ఫొటోలు ముక్కలై, అర్థంకాని పేర్లతో ఒక ఫోల్డర్‌లో పడొచ్చు. ముందు డీడీరెస్క్యూ లాంటి ప్రోగ్రామ్‌తో కార్డు మొత్తానికి నకలు తీయండి. ఆ నకలు మీద, పోయిన ఫొటోలను వెతికి తీసే ఫొటోరెక్ ప్రోగ్రామ్ నడపండి, అది ఉచితం. వచ్చిన ఫైళ్ళను ఇంకో హార్డ్ డిస్కులో పెట్టండి, అదే కార్డులో కాదు. పేర్లు పోతాయి కానీ ఫొటో లోపల తేదీ, సమయం సాధారణంగా మిగులుతాయి కాబట్టి వరసలో పెట్టుకోవచ్చు.

వీడియో కొంచెం కష్టం. ఎంపీ4 ఫైలుకు తన పట్టిక సాధారణంగా చివర్లో పడుతుంది, మధ్యలో ఆగితే ఫైలు తెరుచుకోదు. అన్‌ట్రంక్ అనే ప్రోగ్రామ్‌కు అదే కెమెరాతో, అదే సెట్టింగ్‌తో తీసిన మంచి క్లిప్ ఒకటి చూపిస్తే చాలావరకు సరిచేస్తుంది. ఎర్రర్ వచ్చిన రోజే అలాంటి క్లిప్ ఒకటి వేరే కార్డులో తీసి ఉంచుకోండి.

కార్డు ఏ రీడర్‌లోనూ కనబడకపోయినా, పెట్టగానే వేడెక్కుతున్నా ఇక ఆపండి. డేటా రికవరీ చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. పెళ్ళివారికి కూడా దాచకుండా చెప్పండి. బంధువుల ఫోన్లలో ముహూర్తం వీడియోలు ఉంటాయి, అవి చెరిపేయకముందే అడిగి తీసుకోవచ్చు.

ఆండ్రాయిడ్ ఫోన్లో కార్డు వాడేవాళ్ళకూ ఒక మాట. దాన్ని ఫోన్ లోపలి స్టోరేజ్‌గా సెట్ చేస్తే అందులోవన్నీ ఎన్‌క్రిప్ట్ అవుతాయి, అంటే ఆ ఫోన్ మాత్రమే చదవగలిగేలా తాళం పడుతుంది. ఫోన్ పాడైతే ఆ కార్డు వేరేచోట చదవదు. పిల్లల ఫొటోలు అందులో ఉంటే ఇవాళే కాపీ చేసుకోండి.

ఒకసారి ఎర్రర్ ఇచ్చిన కార్డు ఫార్మాట్ చేశాక చాలాసార్లు మామూలుగానే పనిచేస్తుంది. అయినా పెళ్ళికి వాడకండి. దాని మీద చెరగని మార్కర్‌తో అడ్డగీత గీసి బ్యాగులోంచి తీసేయండి. స్టిక్కర్ వద్దు, అది ఊడి స్లాట్‌లో అంటుకుంటుంది.