డాబా మీదికి ఏహెచ్‌యూ: తుఫాను రోజుల్లో జాగ్రత్తలు

బరంపురంలో కల్యాణ మండపాల వాళ్లకు, పట్టుచీరల షోరూముల వాళ్లకు ఏసీ పని గుర్తొచ్చేది వినాయక చవితి దాటాకే. "కార్తీకంలో ముహూర్తాలున్నాయి బాబూ, దసరాకల్లా హాలు చల్లబడాలి" అంటారు. ఏహెచ్‌యూ, అంటే గాలిని చల్లబరిచి హాల్లోకి తోసే పెద్ద ఏసీ మిషను, లారీ దిగేసరికి అక్టోబరు వచ్చేస్తుంది. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. మరుసటి ఏడు హుద్‌హుద్ విశాఖను కొట్టిందీ అదే తారీకున. 2018లో తిత్లీ 11న పలాస దగ్గర దాటి, ఇటు పర్లాకిమిడి వైపు కొండల్ని కూడా వదల్లేదు. మనం డాబా మీద మిషను ముక్కలు పరుచుకుని కూర్చునే రోజులూ, గాలి వచ్చే రోజులూ ఒకటే.

పెద్ద ఏహెచ్‌యూ ఒక్క ముక్కగా రాదు. ఫిల్టర్ల పెట్టె, కాయిల్ (చల్లటి నీళ్లు తిరిగే రాగి గొట్టాల చుట్ట) పెట్టె, బ్లోవర్ (గాలి తోసే పెద్ద ఫ్యాను) పెట్టె విడివిడిగా వస్తాయి. పైన వరసగా చేర్చి బోల్టులు బిగించాలి. అన్నీ కలిపి ఒకటిన్నర టన్ను అనుకోండి. అంత బరువును గాలేం చేస్తుందిలే అని చాలామంది ధీమా. లెక్క చూడండి. గంటకు 180 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి పెడుతుంది. ఆరు మీటర్ల పొడవు, రెండు మీటర్ల ఎత్తున్న పక్కగోడ మీద అది 1,800 కిలోలు. మిషను బరువుకన్నా గాలి తోపే ఎక్కువ. విడి పెట్టెల సంగతి చెప్పనే అక్కర్లేదు, లోపల సగం ఖాళీయే. అందుకే నా పనిలో ఒకటే షరతు: పొద్దున పైకెక్కించిన పెట్టెకు సాయంత్రానికి బోల్టు పడాలి. పడదనుకుంటే ఎక్కించను. వాతావరణ శాఖ బులెటిన్‌లో అల్పపీడనం అన్న మాట కనబడితే కూడా ఎక్కించను. హైడ్రా క్రేనుకిచ్చిన అడ్వాన్సు పోతే పోయింది.

బోల్టు పడాలంటే కింద కాంక్రీటు దిమ్మెలు ముందే ఆరి గట్టిపడి ఉండాలి. బరువు స్లాబు నడిమధ్య కాకుండా బీముల మీదికో, కాలమ్‌ల మీదికో దిగాలి. ఇది కట్టిన ఇంజనీరుకు చూపించి చేయించండి. అదురు తగ్గుతుందని రబ్బరు ప్యాడ్లు వేసి ఊరికే కూర్చోబెట్టడం మన దగ్గర పనికిరాదు. చాలా మిషన్లలో బ్లోవర్ కింద స్ప్రింగులు లోపలే ఉంటాయి కాబట్టి బయటి ఫ్రేమును దిమ్మెలకు నేరుగా బిగించొచ్చు. సముద్రపు ఉప్పుగాలికి మామూలు బోల్టు తుప్పు పడుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలువే తెప్పించండి.

దిమ్మె ఎత్తు దగ్గర మేస్త్రీలు పొదుపు చేస్తారు. "నాలుగంగుళాలు చాలవా సార్?" చాలవు. కాయిల్ కింద ట్రేలో చేరిన నీళ్లను బ్లోవర్ లోపలికి పీలుస్తూ ఉంటుంది. ఆ పీల్పును ఓడించేది బయట యు-ట్రాప్‌లో, అంటే యు ఆకారంలో వంచిన డ్రెయిన్ పైపులో, నిలిచిన నీళ్లే. లోపల పీల్పు 50 మిల్లీమీటర్ల నీటిమట్టమంత ఉంటే, ట్రే మూతి నుంచి ట్రాప్‌లో నీళ్లు పొర్లే మట్టం కనీసం 75 మిల్లీమీటర్లు దిగువ ఉండాలి, ఆ కింద ట్రాప్ వంపుకు ఇంకో 40. పైపు మందం కూడా కలిపితే నాలుగంగుళాల్లో ఎక్కడ పడుతుంది? పట్టకపోతే ట్రాప్ మానేస్తారు. పెళ్లి రోజున ట్రే పొర్లి నీళ్లు స్లాబు దిగి మండపం మీద కారతాయి. దిమ్మె అడుగు ఎత్తు పోయమనండి. ట్రాప్‌లో మొదట నీళ్లు మనమే పోసి నింపాలి.

ఇక ఎత్తడం. 600 కిలోల పెట్టెను రెండు బెల్టులతో ఎత్తేటప్పుడు, బెల్టు పెట్టె పైభాగంతో 60 డిగ్రీల్లో ఉంటే ఒక్కోదాని మీద 350 కిలోల దాకా పడుతుంది. 30 డిగ్రీలకు పడుకుందా, ఒక్కోదాని మీదా 600. పైగా ప్యానెళ్లు లోపలికి నొక్కుకుపోతాయి. బెల్టుల్ని ఎడంగా పట్టే ఇనుప దూలం, అదే స్ప్రెడర్ బీమ్ పెట్టి, ఎత్తడానికని కింది ఫ్రేముకున్న రంధ్రాలకే షాకిళ్లు (యు ఆకారపు ఇనుప లింకులు) తగిలించండి. కాయిల్ పైపులు పట్టుకు వీలుగా కనబడతాయి గాని, వాటి జోలికి పోవద్దు.

ఒకసారి మధ్యాహ్నం కాయిల్ పెట్టె పిట్టగోడ దాటుతుండగా గాలి తిరిగింది. పెట్టె బొంగరంలా తిప్పుకుంది. కింద తాడు పట్టుకున్న ఒడియా కుర్రాడు "రుహ, రుహ" అని అరిచాడు, ఆగమని. హైడ్రా డ్రైవరు శ్రీకాకుళం నుంచి కొత్తగా వచ్చినవాడు, ఆయనకది "రా, రా" అని వినబడిందట. ఇంకో అడుగు ముందుకొచ్చాడు. కాయిల్ గొట్టాలన్నీ కలిసే హెడర్ పైపు పిట్టగోడకు తగిలి వంకరపోయింది. మనిషికేం కాలేదు, అదే పదివేలు. అప్పటినుంచి సిగ్నల్ ఒక్కడే ఇస్తాడు, అదీ చేత్తోనే. రెండు చేతులూ పైకెత్తి నిలబడితే మాత్రం అది ఎవరైనా సరే, ఆపేయాల్సిందే. తాళ్లు రెండు మూలలకీ కట్టాలి, పెట్టె కింద ఎవరూ నిలబడకూడదు.

పెట్టెలు చేర్చేటప్పుడు రసమట్టం రెండు దిక్కులా చూడండి. అతుకులో గాలి కారకుండా వేసే గాస్కెట్ పట్టీ పూర్తిగా అతికించాకే బోల్టులు, ఒకవైపు నుంచి కాక ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా. కాయిల్‌కు చల్లటి నీళ్లు తెచ్చే చిల్డ్ వాటర్ పైపు బిగించేటప్పుడు రెండో పానాతో కాయిల్ మూతిని ఎదురు పట్టాలి, లేకపోతే రాగి మెలిపడుతుంది.

కరెంటు ఇచ్చే ముందు బ్లోవర్ కింద రవాణా కోసం వేసిన ఎర్ర క్లాంపులు విప్పారో లేదో టార్చి వేసి చూడండి. మోటారు బాడీకి రెండు ఎర్తులు, మిషను పక్కనే కరెంటును పూర్తిగా తెంచే స్విచ్చి (ఐసోలేటర్), లోపల మనిషుంటే దానికి తాళం, తాళంచెవి ఆ మనిషి జేబులో. ఫేజు వైర్లు తారుమారై బ్లోవర్ వెనక్కి తిరిగినా గాలి వస్తూనే ఉంటుంది, కాకపోతే బాగా తక్కువ. అందుకే చెయ్యి పెట్టి చూసి సరే అనుకోకుండా, పుల్లీ తిరిగే దిక్కును బాణం గుర్తుతో పోల్చండి.

పని మధ్యలో తుఫాను వార్త వస్తే టార్పాలిన్ కప్పి వెళ్లిపోకండి, అది తెరచాపలా లాగుతుంది. తలుపులన్నీ బిగించి, విడి పెట్టెల తెరిచున్న మూతుల్ని ప్లైవుడ్ పెట్టి స్క్రూలతో మూసి, విప్పిన ప్యానెళ్లు, ఫిల్టర్లు, నిచ్చెన, చివరకు ఖాళీ పెయింటు డబ్బాలు కూడా కిందకు దింపేయండి. గాలి తగ్గాక ముందు మోటారును మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) చూసి, తడి ఉంటే ఆరబెట్టి, ఆ తర్వాతే స్విచ్చి వేయండి.