పాదరసం ఫ్లాస్కులో రెండో లోహం: లెక్క ఎక్కడ తప్పుతోంది?

అనాబేనా, నాస్టాక్ లాంటి సయనోబాక్టీరియా (కిరణజన్య సంయోగక్రియ చేసే బ్యాక్టీరియా) మీద పాదరసం ప్రభావం చూస్తూ ఇంకో లోహం కూడా కలుపుతున్నారా? మిమ్మల్ని ఎక్కువగా తిప్పలు పెట్టేవి ఇవే.

సమస్య: పోయినసారి కల్చర్‌ను (పెంచుతున్న కణాలను) పసుపుపచ్చగా మార్చేసిన పాదరసం డోసు ఈసారి ఏమీ చేయలేదు.

కారణం: రెండో లోహాన్ని అనుమానించే ముందు మీడియాను, అంటే కణాలు పెరిగే పోషక ద్రావణాన్ని, చూడండి. బీజీ-11 అనే మీడియాలో లీటరుకు 1 మి.గ్రా. ఈడీటీఏ (లోహాలను పట్టి ఉంచే రసాయనం) ఉంటుంది, అంటే సుమారు 2.7 మైక్రోమోలార్. అది పాదరసాన్ని చాలా గట్టిగా పట్టుకుంటుంది. మీ డోసే 1 మైక్రోమోలార్ అయితే అందులో కణాల దాకా ఎంత చేరిందో చెప్పలేం. కొంత ప్లాస్టిక్ గోడలకు అంటుకుంటుంది, కొంత ఆవిరవుతుంది. కల్చర్ చిక్కగా ఉంటే ఒక్కో కణానికి దక్కే వాటా ఇంకా తగ్గుతుంది.

పరిష్కారం: కణాలను ఈడీటీఏ లేని మీడియాలో కడిగి, ప్రతిసారీ ఒకే సాంద్రతతో మొదలుపెట్టండి. యాసిడ్‌తో కడిగిన గాజు ఫ్లాస్కులే వాడండి. కణాలు లేని ఒక ఫ్లాస్కులోనూ అదే డోసు వేసి, చివర్లో ఎంత పాదరసం మిగిలిందో కొలవండి. చాలామంది వదిలేసేది ఈ ఫ్లాస్కునే. దయచేసి వదలకండి.

సమస్య: కాల్షియం పెంచితే విషప్రభావం తగ్గింది.

కారణం: కణం పైపొర మీద లోహాలు అతుక్కునే చోట్ల కోసం కాల్షియం పోటీపడి ఉండొచ్చు. కానీ మీరు వేసింది కాల్షియం క్లోరైడ్ అయితే క్లోరైడ్ కూడా పెరిగింది, అది పాదరసం రూపాన్నే మార్చేస్తుంది.

పరిష్కారం: అంతే క్లోరైడ్‌ను సోడియం క్లోరైడ్‌గా ఇచ్చి కంట్రోల్ (పోల్చి చూసే ఫ్లాస్కు) పెట్టండి. కాల్షియం నైట్రేట్‌తో సరిచూడొచ్చు, అయితే నత్రజని స్థాపన కొలుస్తుంటే అది వద్దు. నైట్రేట్ ఉంటే నత్రజనిని స్థాపించే ప్రత్యేక కణాలు, అంటే హెటిరోసిస్టులు, సరిగ్గా ఏర్పడవు.

సమస్య: రాగి కలిపితే అంచనాకు మించిన దెబ్బ.

కారణం: రెండూ ప్రోటీన్లలోని సల్ఫర్ గుంపుల మీదే పడతాయి. లేదా ఈడీటీఏ రాగితో నిండిపోయి పాదరసం దానికి చిక్కకుండా మిగిలి ఉండొచ్చు.

పరిష్కారం: ఈడీటీఏ లేకుండా మళ్లీ చేయండి. అప్పుడూ అదే ఫలితం వస్తే నమ్మవచ్చు.

సమస్య: జింక్ ఒకసారి కాపాడింది, ఇంకోసారి చంపింది.

కారణం: ఎప్పుడు, ఎంత వేశారన్నదే తేడా. సైనెకోకాకస్ పీసీసీ 7942 అనే సయనోబాక్టీరియా రకంలో జింక్ తగిలితే లోహాలను పట్టి ఉంచే మెటలోథయోనిన్ అనే ప్రోటీన్ తయారవుతుంది. రెండూ ఒకేసారి వేస్తే దానికి టైమ్ చాలదు.

పరిష్కారం: జింక్ ముందు, పాదరసంతో పాటు, తర్వాత అని మూడు సెట్లు పెట్టండి.

వాడిన ద్రావణాన్ని సింకులో పోయకండి. పాదరసం వ్యర్థాలకు వేరే సీసా పెట్టి, లేబుల్ అంటించండి.