విశాఖలో ఎల్జీబీటీ వాళ్ల కోసం పెట్టే విరాళాల ప్రోగ్రామ్‌కి వెళ్తున్నారా? ఇవి చూసుకుని వెళ్లండి

టికెట్ కొని వెళ్లడం, కూర్చుని చప్పట్లు కొట్టడం మంచి పనే, తప్పకుండా వెళ్లండి. కాకపోతే ఇలాంటి ప్రోగ్రామ్ అయ్యాక నేను చూసేది రెండే విషయాలు: వసూలైన డబ్బు ఎవరికి చేరింది, ఎవరి ఫొటో ఎవరి ఫోన్‌లోకి వెళ్లింది.

ఎక్కువగా ఇవి మార్చి 31 (ట్రాన్స్‌జెండర్ విజిబిలిటీ డే), మే 17 (ఎల్జీబీటీ వాళ్ల మీద ద్వేషానికి వ్యతిరేకంగా జరిపే రోజు), జూన్ ప్రైడ్ నెల, నవంబర్ 20 (హత్యకు గురైన ట్రాన్స్ వాళ్లని తలుచుకునే రోజు), డిసెంబర్ 1 ఎయిడ్స్ దినం చుట్టుపక్కల పెడుతుంటారు. సిరిపురం వైపు ఏదో హాల్లోనో, బీచ్ రోడ్డు దగ్గర కేఫ్‌లోనో జరుగుతాయి. చాలాసార్లు అడ్రస్ పోస్టర్ మీద ఉండదు, పేరు నమోదు చేసుకున్నాకే మెసేజ్ వస్తుంది. గొడవ చేసేవాళ్లు రాకూడదని అలా చేస్తారు, కాబట్టి దాన్ని మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

ఇప్పుడు డబ్బు సంగతి. ముందే ఫోన్ చేసి అడగండి, ఇది దేనికి వసూలు చేస్తున్నారు అని. ఇంట్లోంచి పంపించేసిన కుర్రాడి గది అద్దెకా, ట్రాన్స్ మహిళల హార్మోన్ మందులకా, కాలేజీ ఫీజుకా? నిజంగా పనిచేసేవాళ్లు ఈ ప్రశ్నకి నొచ్చుకోరు, పైగా సంతోషంగా లెక్క చెప్తారు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక పిన్ కొట్టే ముందు ఒక్క క్షణం ఆగి స్క్రీన్ మీద వచ్చిన పేరు చూడండి, అది ట్రస్టు పేరా, ఎవరో ఒక మనిషి పేరా అని. మనిషి పేరు వచ్చినంత మాత్రాన మోసం అనుకోనక్కర్లేదు, రిజిస్ట్రేషన్ లేని చిన్న గ్రూపులు ఎవరో ఒకరి ఖాతాలోనే పోగుచేస్తాయి. అప్పుడు మాత్రం ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది తర్వాత చెప్తారా అని అడిగి, చెప్తామంటేనే ఇవ్వండి. పన్ను మినహాయింపు కావాలంటే ట్రస్టుకి 80జీ గుర్తింపు ఉండాలి, మీరు పాత పన్ను విధానంలో ఉండాలి, రూ.2,000 దాటితే నగదు ఇవ్వకూడదు, పాన్ నంబర్ ఇచ్చి రసీదు తీసుకోవాలి. టికెట్‌కి బదులు భోజనం, షో దొరుకుతాయి కాబట్టి దాన్ని విరాళం లెక్కలో వేసుకోకుండా, ఇవ్వాలనుకున్నది విడిగా ఇవ్వండి.

ఇంకోటి, విశాఖలో చాలా ఇళ్లకి అమెరికాలో ఒకరుంటారు కదా. ఆ అన్నయ్యకి ఇంకా ఇండియా పాస్‌పోర్టే ఉంటే తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే అవుతుంది, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. మీ ఖాతాలోకి వేయించుకుని మీ పేరు మీద ఇవ్వాలని చూడకండి, చివరికి ఆ సంస్థ ఇబ్బందుల్లో పడుతుంది.

ఫొటోల దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండమని బతిమాలుతున్నాను. గాజువాక నుంచి ఒక అమ్మాయి వచ్చిందనుకోండి, ఇంట్లో కోచింగ్ క్లాసని చెప్పి వచ్చింది, మీ ముందు వరసలో కూర్చుంది. మీరు స్టేజీ వీడియో తీసి స్టోరీ పెట్టారు, కింద మూలన ఆమె ముఖం సగం కనిపిస్తోంది. మీ ఫాలోయర్లలో ఎవరో ఒకరికి వాళ్ల మేనమామ తెలుసు. ఊరు ఎంత పెరిగినా ఇక్కడ కబురు ఒక చోట నుంచి ఇంకో చోటకి చేరడానికి పూట పట్టదు, ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలియను కూడా తెలియదు. పెద్దవాళ్లు ఇష్టపడి పెట్టుకునే స్వలింగ సంబంధం 377వ సెక్షన్ కింద నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పింది, కానీ పిల్ల ఫోన్ లాక్కుని సంబంధాలు చూసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అందుకే ఫోన్ జేబులో పెట్టేయండి. ఫొటో కావాలంటే నిర్వాహకులు ఎక్కడ తియ్యొచ్చని చెప్తే అక్కడే, అందులో ఉన్న ప్రతి ఒక్కరినీ అడిగి తియ్యండి. ఫలానావాళ్లు కనిపించారని తర్వాత ఎక్కడా అనకండి.

మాట్లాడటానికి టెన్షన్ పడక్కర్లేదు. పేరు చెప్తారు, ఆ పేరుతో, పక్కన గారు పెట్టి పిలవండి, వయసుని బట్టి అక్కా అన్నా బాగుంటుంది. ఆపరేషన్ అయిందా, అసలు పేరేంటి, పెళ్లెప్పుడు అనేవి అడగొద్దు. హిజ్రా అక్కలు కనిపించగానే దిష్టి తియ్యమని, చేత్తో రూపాయి ఇవ్వమని చెయ్యి చాపేవాళ్లున్నారు. ఆ పూట వాళ్లు డాన్స్ చెయ్యడానికో, అతిథులుగానో వచ్చారు, దయచేసి వదిలేయండి. అమ్మని తీసుకెళ్లొచ్చా అంటే, నిర్వాహకులకి చెప్పి తీసుకెళ్లండి. భోజనాల దగ్గర పక్కన కూర్చున్న ట్రాన్స్ మహిళతో మీ అమ్మ "ఈ చీర ఎక్కడ తీసుకున్నావమ్మా, రంగు బాగా నప్పింది" అంటే చాలు, కన్నతల్లితో మాట్లాడి ఏళ్లయినవాళ్లు ఆ బల్ల దగ్గర నుంచి లేవరు.

అయిపోయాక వెంటనే బయల్దేరకండి. రాత్రి పది దాటితే ట్రాన్స్ మహిళల్ని చూసి ఆటోవాళ్లు ఆపకపోవడమో, రెట్టింపు అడగడమో, బీచ్ రోడ్డులో బైకుల మీద వెంటపడటమో జరుగుతుంటుంది. మద్దిలపాలెం వైపు, ఎన్‌ఏడీ వైపు వెళ్లేవాళ్లుంటే మీ క్యాబ్‌లో రమ్మని అడగండి, రామంటే బండి ఎక్కేదాకా పక్కన నిలబడండి.

ఒక్కసారి ఐదు వేలు ఇచ్చి మరిచిపోవడం కంటే నెలకి మూడు వందలు వచ్చేలా పెట్టడం వాళ్లకి ఎక్కువ పనికొస్తుంది, అద్దె ప్రతి నెలా కట్టాలి కదా. డబ్బు కుదరకపోతే మీకు వచ్చిన పని చెయ్యండి. సీఏ అయితే ట్రస్టు లెక్కలు రాసిపెట్టొచ్చు, లాయరైతే ఇంట్లో నిర్బంధించిన కేసుల్లో నిలబడొచ్చు. ఖాళీ ఉన్నవాళ్లు కలెక్టర్ ఇచ్చే ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్ కోసం, పింఛను కాగితాల కోసం ఆఫీసులకి తోడు వెళ్లొచ్చు, ఒంటరిగా వెళ్తే కౌంటర్ దగ్గర ఎగతాళి చేసేవాళ్లు తోడుంటే కాస్త తగ్గుతారు. అద్దెకిచ్చే వాటా ఖాళీగా ఉన్నవాళ్లైతే, ఆ మాట నిర్వాహకుల చెవిన వేసి రండి. అడ్వాన్స్ చేతిలో ఉండి కూడా ఇల్లు దొరక్క తిరుగుతున్నవాళ్లు ఆ హాల్లోనే ఉంటారు.