వేరు బుడిపెలో నులిపురుగు చేసిన మార్పును కళ్లారా చూడటం ఎలా?

నీళ్లు సరిగ్గానే పోస్తున్నా టమాటా మొక్క మిట్టమధ్యాహ్నం వాడిపోతోందా? ఎదుగుదల ఆగిపోయిందా? ఒకసారి వేరు చూడండి. దాని పొడవునా పూసలు గుచ్చినట్టు బుడిపెలుంటే వేరుబుడిపె నులిపురుగులు (మట్టిలోంచి వేర్లలోకి దూరే సూక్ష్మమైన పురుగులు, నెమటోడ్లు) చేరాయన్నమాట. మొక్క కణాలు విభజన చెందే తీరునే ఈ పురుగు తనకు కావలసినట్టు మార్చేసుకుంటుంది. ఆ మార్పును స్కూలు ల్యాబ్‌లో ఉండే మైక్రోస్కోపుతోనే చూడొచ్చు. ఇంకా కొత్త బ్లేడు, సూది, భూతద్దం, స్లైడ్లు, కవర్‌స్లిప్పులు, కణాలకు రంగు పట్టించే పలచని టొలుయిడిన్ బ్లూ ద్రావణం ఉంటే చాలు.

1. మొక్కను పీకొద్దు. పీకితే మనకు కావలసిన సన్నవేర్లే మట్టిలో తెగి ఉండిపోతాయి. చుట్టూ తవ్వి మట్టిగడ్డతో సహా తీసి, బకెట్ నీళ్లలో నానబెట్టండి. మట్టి తనంతట తాను విడిపోతుంది.

2. ఏ బుడిపెనో తేల్చుకోండి. చిక్కుడు జాతి మొక్కలకు రైజోబియం అనే బ్యాక్టీరియా బుడిపెలూ ఉంటాయి. అవి మొక్కకు మేలు చేసేవి. వేరు పక్కన అతికించినట్టుండి, గోటితో నెడితే ఊడొస్తాయి. కోస్తే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. నులిపురుగు బుడిపె అలా ఊడదు. ఎందుకంటే అక్కడ ఉబ్బింది ఆ మొక్క వేరు భాగమే.

3. ఆడ పురుగును వెతకండి. బుడిపె మీద చిన్న జిగురు ముద్ద కనిపిస్తే అది గుడ్ల గుంపు. అందులో వందల గుడ్లుంటాయి. దాని పక్కనే సూదితో మెల్లగా చీల్చి భూతద్దంలో చూడండి. ఆడ పురుగు ముత్యంలా తెల్లగా, సన్నని మెడ ఉన్న కూజాలా, ఓ మిల్లీమీటరు లోపు ఉంటుంది. ఆ తెల్లటి మెరుపు ఒక్కసారి చూస్తే ఇక మరిచిపోరు.

4. ఇంకో బుడిపెను అడ్డంగా కోయండి. చాలామంది తడబడేది ఇక్కడే. ముక్క మందంగా ఉంటే అంతా నల్లగా కనిపిస్తుంది. బ్లేడును తడిపి, ఒకే వైపు లాగుతూ, కాగితం కంటే పలచగా పది ఇరవై ముక్కలు కోసి, అన్నింటిలో పలచనివి రెండు మూడు ఏరుకోండి. ఒక నిమిషం రంగులో ఉంచి, నీటితో కడిగి స్లైడు మీద పెట్టండి. పోల్చుకోవడానికి ఆరోగ్యంగా ఉన్న వేరు ముక్క కూడా ఒకటి పక్కన ఉండాలి.

5. ఇప్పుడు బుడిపె నడిమధ్యన, నీటిని మోసే నాళాల దగ్గర చూడండి. చుట్టూ ఉన్నవాటికంటే ఎన్నో రెట్లు పెద్దవైన కొన్ని కణాలు గుంపుగా కనిపిస్తాయి. వీటినే జెయింట్ సెల్స్ అంటారు.

మామూలుగా కణంలో ముందు కేంద్రకం రెండవుతుంది, తర్వాత మధ్యలో గోడ లేచి రెండు కణాలు ఏర్పడతాయి. వేరు కొన దగ్గర లోపలికి దూరిన పిల్ల పురుగు, కణాల సందుల్లోంచి నాళాల దాకా పాక్కుంటూ వెళ్లి, కొన్ని కణాలను ఎంచుకుని సూదిలాంటి నోటితో గుచ్చి స్రావాలు వదులుతుంది. ఇక ఆ కణాల్లో కేంద్రకం విభజన ఆగదు, గోడ మాత్రం పూర్తి కాదు. ఒకే కణంలో పదుల కొద్దీ, ఒక్కోసారి వందకు పైగా కేంద్రకాలు చేరతాయి. పైగా విభజన లేకుండానే కేంద్రకాల్లో డీఎన్‌ఏ రెట్టింపవుతూ పోతుంది. సాధారణంగా ఒక్కో పురుగుకు అయిదు నుంచి ఏడు ఇలాంటి కణాలుంటాయి. ఆడ పురుగు ఇక కదలలేదు కాబట్టి, ఆ కణాలు బతికినంత కాలమే దానికి తిండి.

వాటి చుట్టూ ఉన్న చిన్న కణాలనూ గమనించండి. అవి గోడలు కట్టుకుంటూ మామూలుగానే విభజన చెందుతాయి, కాకపోతే మితిమీరి. బయటికి కనిపించే బుడిపెలో చాలా భాగం వాటిదే.

బంగాళాదుంప, సోయా వేర్లకు పట్టే సిస్టు నులిపురుగుల దారి వేరు. అక్కడ కణాల మధ్య గోడలు కరిగి, వందలాది కణాలు ఒకటిగా కలిసిపోతాయి.

6. పనయ్యాక వేర్లను కంపోస్టులో వేయకండి, కాల్చేయండి. కడిగిన నీళ్లను మరిగించాకే పారబోయండి. బ్లేడు, సూది, తవ్విన పార అన్నీ శుభ్రంగా కడగాలి. పారకు అంటిన మట్టిలో గుడ్లుంటే పక్క మడికీ వెళ్లిపోతాయి.