పాత ఫొటోల్లో చెన్నపట్నం – 4వ పాఠం: పోస్టరు ఒక గట్టే

పోయిన పాఠంలో మౌంట్ రోడ్డు ఫొటో ఇచ్చి, ఏ ఏటిదో చెప్పమన్నాను. చాలామంది గోడ మీది సినిమా పోస్టరు చదివి, ఆ సినిమా విడుదలైన ఏడే రాసి పంపారు. అందుకే ఈసారి అనుకున్న పాఠం ఆపేశాను. ఇది సరిదిద్దుకోకుండా ముందుకు వెళ్లలేం.

ఆ రోజుల్లో సినిమా ఒక్కసారి ఆడి పోయేది కాదు. అవే ప్రింట్లు ఊరూరా తిరిగి, ఏళ్ల తర్వాత మళ్లీ అదే హాలుకు వచ్చేవి. పోస్టరులోని సినిమా 1938దైతే ఫొటో అంతకు ముందుది కాదు. తెలిసేది అంతవరకే.

హాలుకూ ఇదే లెక్క. మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన మన రఘుపతి వెంకయ్య నాయుడు గారు 1914లో గెయిటీ కట్టించారు. ఫొటోలో గెయిటీ ఉంటే 1914 నుంచి అది కూల్చేదాకా ఏ రోజుదైనా కావచ్చు. 1913లో వచ్చిన ఎలక్ట్రిక్ థియేటరైతే కొద్ది ఏళ్లకే తపాలా శాఖ చేతికి పోయింది. భవనం ఇంకా ఉంది, నిన్న తీసిన ఫొటోలోనూ పడుతుంది! గోడలు కాదు, వాటి మీది బోర్డు చదవండి. బోర్డులో ‘టాకీస్’ అని ఉంటే మూకీల తొలినాళ్ల ఫొటో కాదు.

పొలానికి రెండు గట్లున్నట్టే ఫొటోకూ రెండుండాలి: ‘దీనికి ముందు కాదు’, ‘దీని తర్వాత కాదు’. మీరందరూ మొదటిది వేసి ఆగిపోయారు. రెండోదాని కోసం నేను ముందు రోడ్డు చూస్తాను, భవనాల జోలికి తర్వాతే పోతాను. మద్రాసులో ట్రాములు 1895 నుంచి 1953 దాకా నడిచాయి. ట్రాము బండి కనిపించిందా, 1953 గట్టు పడినట్టే. ఒట్టి పట్టాలు చాలవు, బండ్లు ఆగిన రోజే వాటిని పెకలించరు కదా. 1959లో ప్రారంభమైన ఎల్‌ఐసీ భవనం పూర్తిగా లేచి కనిపిస్తే ట్రాము మాటే వద్దు.

ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే అక్షరాలు చెదిరిపోతాయి. అసలు ప్రింటు దొరికితే భూతద్దం పట్టండి, వెనక్కి తిప్పి స్టూడియో ముద్ర కూడా చూడండి.

అభ్యాసం: మీ ఊరి పాత సినిమా హాలు ఫొటో ఒకటి సంపాదించండి. రెండు గట్ల మధ్య దూరం పదేళ్లకు మించకూడదు. ఒక్కో గట్టుకు ఫొటోలోనే కనిపించే ఆధారం రాయండి. ఇంట్లో పెద్దవాళ్లను మాత్రం మీ జవాబు రాసుకున్నాకే అడగండి.