లైలాక్ పొదను గుర్తుపట్టాలంటే కొమ్మ చివర చూడండి

చలి బాగా ఉండే చోట తోట పెంచేవాళ్లు వీలైతే ఒక లైలాక్ పొద (వసంతంలో గుత్తులుగా సువాసన పూలు పూసే మొక్క) వేసుకోండి. మైనస్ 40 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. అసలు చలి సరిగా పడకపోతేనే దీనికి పూత తగ్గుతుంది.

పూలు లేనప్పుడు గుర్తుపట్టడమే చాలామందికి కష్టం. ఆకు నున్నగా, గుండె ఆకారంలో ఉంటుంది, అంచున రంపపు పళ్లు ఉండవు. ఆకులు కొమ్మకు ఎదురెదురుగా జతలుగా వస్తాయి. అవి రాలిపోయాక కొమ్మ చివర చూడండి, సాధారణంగా లావుపాటి మొగ్గలు రెండు పక్కపక్కనే కనిపిస్తాయి. నాకైతే అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఇదే.

వచ్చే వసంతానికి పూయాల్సిన పూలు ఆ మొగ్గల్లోనే ఉంటాయి. ఈ ఏడు పూత అయిపోయాక, వేసవిలోనే అవి తయారైపోతాయి. అందుకే కత్తిరింపు ఏదైనా పూలు వాడిన వెంటనే చేసేయాలి. ఆకులు రాలే కాలంలోనో, చలికాలం చివర్లోనో కొమ్మలన్నీ పైపైన కత్తిరించేస్తే ఆ వసంతంలో పూలు దాదాపు ఉండవు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి!

రోజుకు కనీసం 6 గంటల ఎండ, నీళ్లు నిలవని నేల కావాలి. నత్రజని ఎరువు ఎక్కువైతే ఆకులే గుబురుగా పెరుగుతాయి. నాటిన మొదటి రెండు మూడేళ్లు పూయకపోయినా పీకేయకండి, వేళ్లూనుకోవడానికి దానికి ఆ మాత్రం టైం పడుతుంది.