ఇంట్లో కట్టుకున్న అక్వేరియం లైటు మొరాయిస్తే

రెండడుగుల చేపల తొట్టి మూత కింద 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్ రెండు వరసలు అతికించి, అడాప్టర్ తగిలించుకున్న వాళ్ల కోసం ఇది. లైటు ఆగిపోగానే చాలామంది స్ట్రిప్ పీకి పారేస్తారు. అసలు తప్పు ఎక్కువగా అతుకుల దగ్గరో అడాప్టర్‌లోనో ఉంటుంది. చెయ్యి పెట్టేముందు ప్లగ్ తీసేయండి. పాత ఇళ్ల వైరింగులో స్విచ్ కరెంటు వచ్చే ఫేజు వైరు మీద కాక న్యూట్రల్ మీద ఉండొచ్చు కాబట్టి దాన్ని ఆపితే సరిపోదు.

సమస్య: తడి చేత్తో మూత తాకితే జిల్లుమంటోంది

12 వోల్టులు అలా జిల్లుమనిపించవు. మెయిన్స్ కరెంటు కొంత ఇటు కారుతోందన్నమాట. నాసిరకం అడాప్టర్ మీదే మొదటి అనుమానం. దాన్ని పక్కన పడేసి బీఐఎస్ గుర్తున్నది కొనండి. మార్చినా అలాగే ఉంటే నీళ్లలోని మోటారు, హీటర్ ప్లగ్గులు ఒక్కొక్కటే తీసి టెస్టర్‌తో చూడండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) లేని ఇంట్లో అక్వేరియం పెట్టడం నాకు నచ్చదు. వైరు ప్లగ్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి. అప్పుడు కారిన నీళ్లు వంపు దగ్గరే నేల మీద పడతాయి, ప్లగ్‌లోకి పోవు.

సమస్య: సెకనుకోసారి వెలిగి ఆరుతోంది

పాత వైఫై రూటర్ అడాప్టర్ పెట్టుంటారు. మీటరుకు 60 ఎల్ఈడీలుండే 5050 రకం స్ట్రిప్ మీటరుకు 14.4 వాట్లు తాగుతుంది. రెండడుగుల వరసలు రెండంటే దాదాపు 17 వాట్లు, అంటే 1.4 ఆంపియర్లు. ఒక ఆంపియర్ అడాప్టర్ ఆ బరువు మోయలేక ఆగుతూ మళ్లీ మొదలవుతుంటుంది. 12 వోల్టుల 2 ఆంపియర్లది పెట్టండి.

సమస్య: వరసలో మూడు లైట్లే ఆరాయి, కొన్నాళ్లకు పక్కవి కూడా

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఇది మామూలే. బయట ఉప్పు గాలి, మూత కింద ఆవిరి. ఈ స్ట్రిప్‌లో మూడేసి ఎల్ఈడీలు ఒక ముక్క. కత్తెర గుర్తు దగ్గర భూతద్దంతో చూడండి: రాగి బిళ్ల మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది, గోటితో గీరితే పొడిలా రాలుతుంది. ఆ ముక్క కత్తిరించి, రాగిని మెరిసేదాకా గీకి, కొత్త ముక్కను సోల్డర్ చేయండి. నొక్కి బిగించే ప్లాస్టిక్ క్లిప్పులు తొట్టి మీద పనికిరావు.

ఆ తర్వాతే చాలామంది బోల్తా పడేది. అతుకు మీద నీళ్లు పడకూడదని గాజు అతికించే సిలికాన్ పూస్తారు. ఆరేటప్పుడు వెనిగర్ వాసన కొట్టే ఆ రకం ఆమ్లాన్ని వదులుతుంది, లోపల రాగిని అదే తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసున్న సిలికాన్ అడిగి తీసుకోండి. లేదంటే వేడి తగిలితే ముడుచుకుని బిగిసే హీట్ ష్రింక్ గొట్టం, లోపల జిగురుండేది, తొడగండి.

సమస్య: వెలుగు తగ్గి పసుపుబారింది, స్ట్రిప్ ఊడి వేలాడుతోంది

వేడి. ప్లైవుడ్‌కో పీవీసీ షీటుకో నేరుగా అతికిస్తే వేడి పోయే దారి ఉండదు. నెల్లూరు, ఒంగోలులో రోహిణి కార్తె ఎండలకు ఆ జిగురు కూడా కరిగి జారుతుంది. అల్యూమినియం కిటికీలు చేసే షాపులో మిగిలిన ముక్క ఒకటి అడిగి తెచ్చి దాని మీద అతికించండి. పసుపుబారిన స్ట్రిప్ మాత్రం మళ్లీ బాగుపడదు, మార్చాల్సిందే. మే నెలలో మిట్టమధ్యాహ్నం లైటు ఆపేసి మూత కాస్త ఎత్తి పెట్టండి. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి.

సమస్య: స్ట్రిప్ బాగానే వెలుగుతోంది, తొట్టిలో మాత్రం మసక

స్ట్రిప్‌కూ నీళ్లకూ మధ్య గాజు మూత ఉంటే దాన్ని చూడండి. బోరు నీళ్ల చుక్కలు ఆరి తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది. మూత బయటికి తీసి నిమ్మచెక్కతో రుద్ది కడగండి. పొదలకూరు వైపు వాళ్లకు నిమ్మకాయలకేం కొదవ!

సమస్య: గాజుకు పచ్చగా పాచి

లైటు ఎక్కువసేపు వెలుగుతోంది, లేదా కిటికీ ఎండ పడుతోంది. తొట్టిని ఎండ తగలని చోటికి మార్చి, టైమర్‌తో రోజుకు 6 గంటలకు కుదించండి. రెండు మూడు వారాలకు పాచి తగ్గకపోతే రెండు వరసల్లో ఒకటి ఆపండి. తొట్టిలోని మొక్కలు వాడిపోకుండా ఉంటే అలాగే వదిలేయండి.